కడపలో కూర్చుని బంగాళాఖాతాన్ని మోడల్ చేయడం ఎలా?

సముద్రాన్ని కంప్యూటర్‌లో మోడల్ చేయాలంటే విశాఖలోనో చెన్నైలోనో ఉండాలని మన పిల్లలు చాలామంది అనుకుంటారు. మన సముద్రాల పరిస్థితిని రోజూ ముందుగా లెక్కగట్టి చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నదే హైదరాబాద్‌లో. ఆ లెక్కన కడప నయం, గీత గీసినట్టు తూర్పుకు పోతే దాదాపు 140 కిలోమీటర్లలో నెల్లూరు తీరం వచ్చేస్తుంది. ఈ పనికి కావాల్సింది 8 కోర్లున్న ఒక ల్యాప్‌టాప్, ఆగని నెట్, కొంచెం ఓపిక. ఎం.ఎస్సీ., బీటెక్ చదువుతున్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఫోర్ట్రాన్ రాకపోయినా ఇబ్బంది లేదు. లైనక్స్ కమాండ్లు కొన్ని, పైథాన్ కొంచెం వస్తే చాలు.

ముందు ప్రశ్న రాసుకోండి

"బంగాళాఖాతాన్ని మోడల్ చేస్తాను" అంటే అది ప్రశ్న కాదు. అలా మొదలుపెట్టినవాళ్లు రంగురంగుల మ్యాపులు గీసి, వాటితో ఏం చెప్పాలో తెలియక ఆగిపోతారు. ప్రశ్న చిన్నదిగా, జవాబు ఎలా ఉంటుందో ఊహించగలిగేట్టు ఉండాలి.

మన జిల్లా నుంచే ఒకటి తీసుకుందాం. 2021 నవంబర్ 19 ఉదయం రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ రోజే చెన్నై, పుదుచ్చేరిల మధ్య తీరం దాటిన వాయుగుండం తెచ్చిన వాన అది. ఆ నీళ్లు చెయ్యేరులోంచి పెన్నలోకి, అక్కణ్నుంచి సోమశిలకు, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలోకి పోయాయి. పేపర్లలో కథ అక్కడితో ఆగింది. ఆ తర్వాత ఏమైంది? ఆ మంచినీళ్లు తీరం వెంట ఎటు పోయాయి, ఎంత దూరం పోయాయి, ఉప్పునీళ్లలో కలిసిపోవడానికి ఎన్ని రోజులు పట్టింది?

ఈ ప్రశ్న రాసుకోగానే సగం నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి. నెల తెలిసింది. చూడాల్సింది ఉప్పదనం అని తెలిసింది. తీరం దగ్గర గళ్లు (లెక్కకోసం మోడల్ సముద్రాన్ని కోసే ముక్కలు) చిన్నవిగా ఉండాలనీ, నదిని విడిగా పెట్టాలనీ తెలిసింది. అలల ఎత్తు ఈ ప్రశ్నకు అక్కర్లేదు కాబట్టి అలల మోడల్ జోలికి పోనక్కర్లేదు.

మోడల్ ముట్టుకోకముందే కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. మన తూర్పు తీరం వెంట పోయే ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి నడుస్తుంది. భూమి తిరగడం వల్ల కూడా ఉత్తరార్ధగోళంలో నది నీళ్లు సముద్రంలోకి రాగానే కుడివైపుకు, అంటే మన తీరంలో దక్షిణానికి, మళ్లుతాయి. ఈశాన్య గాలి పైనీళ్లను తీరంవైపే నెడుతుంది. మూడూ ఒకే మాట చెబుతున్నాయి: నీళ్లు చెన్నైవైపు పోవాలి. ప్రవాహం సెకనుకు అర మీటరు అనుకుంటే రోజుకు 43 కిలోమీటర్లు. ఊటుకూరు నుంచి చెన్నై 165 కిలోమీటర్లు, అంటే నాలుగు రోజులు. తీరానికి మరీ దగ్గరగా ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఇంకొన్ని రోజులు వేసుకోండి. రేపు మోడల్‌లో నీళ్లు ఉత్తరానికి పోతే, లేదా ఒక్క రోజులో చెన్నై చేరితే, ముందు అనుమానించాల్సింది మీ ఫైళ్లనే.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు మాటలు

ప్రాంతీయ సముద్రాలకు ఎక్కువమంది వాడేది రోమ్స్ అనే మోడల్. ఇన్‌కాయిస్ కూడా దీన్ని వాడుతుంది. ఉచితం. ఫ్రాన్స్‌వాళ్లు నడిపే క్రోకో దీని కుటుంబంలోదే, ఇన్‌పుట్ ఫైళ్లు తయారుచేసే టూల్స్ దానితోపాటే వస్తాయి. ఏది మంచిదని వాదించుకునే బదులు, మీకు తెలిసిన సీనియర్ ఏది వాడుతున్నారో అదే తీసుకోండి. రాత్రి పదకొండుకు ఎర్రర్ వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండటం అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడ రోమ్స్ పద్ధతిలో చెబుతాను.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే, విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యు.ఎస్.ఎల్. ద్వారా ఉబుంటు వేసుకోండి. ఆ తర్వాత జీఫోర్ట్రాన్ కంపైలర్, డేటా ఫైళ్లు చదివి రాసే నెట్‌సీడీఎఫ్ లైబ్రరీ (సీ, ఫోర్ట్రాన్ రెండూ), పనిని కోర్లకు పంచే ఓపెన్ ఎం.పి.ఐ. కావాలి. నెట్‌సీడీఎఫ్‌ను ఒక కంపైలర్‌తో, మోడల్‌ను ఇంకో కంపైలర్‌తో కట్టకండి, లింక్ దగ్గర తన్నేస్తుంది. మ్యాట్‌ల్యాబ్ కొనే స్తోమత అందరికీ ఉండదు. పైథాన్‌లో ఎక్స్‌అరే ఉంటే ఈ పనికి ఏ లోటూ ఉండదు.

ఇన్‌స్టాల్ కాగానే అసలు పని మొదలుపెట్టకండి. రోమ్స్‌తోపాటు అప్‌వెల్లింగ్ అనే చిన్న పరీక్ష వస్తుంది. అడ్డంగా 41 గళ్లు, నిలువుగా 80 గళ్లు, లోతులో 16 పొరలు. కాలంలో 300 సెకన్ల చొప్పున 1,440 అడుగులు, అంటే ఐదు రోజుల ఉత్తుత్తి సముద్రం. దీనికి బయటి డేటా ఏమీ అక్కర్లేదు. ముందు ఒక కోర్ మీద, తర్వాత నాలుగు కోర్ల మీద నడపండి. రెండింటి ఫలితాలూ ఒకటే రావాలి. రాకపోతే అక్కడే ఆగి సరిచేసుకోండి. కంపైలర్‌లో ఉన్న తప్పును పెద్ద గ్రిడ్‌లో వెతకడం నరకం.

పెట్టె ఎక్కడ గీయాలి

మ్యాప్ మీద మన సముద్రానికి ఒక పెట్టె గీయాలి. ఊటుకూరు 14.6 డిగ్రీల దగ్గరుంది కదా, పైన 15.5 దాకా పెడితే చాలనిపిస్తుంది. చాలదు. ఆ గీతకు కాస్త పైనే కృష్ణ సముద్రంలో కలుస్తుంది. ఇంకొంచెం పైకి 16.5 అంటే గోదావరి డెల్టా మధ్యలో కోసినట్టు అవుతుంది. నది కలిసేచోట హద్దు పెడితే అక్కడి ఉప్పదనం క్షణక్షణం మారుతుంటుంది, ఆ మార్పును హద్దు సరిగ్గా లోపలికి తేలేదు. అందుకని విశాఖ కూడా దాటి 18 డిగ్రీల దాకా పోదాం. అప్పుడు కృష్ణ, గోదావరి రెండూ పెట్టె లోపలే ఉంటాయి, వాటి నీళ్లూ మన చేతిలోనే ఉంటాయి. కింద 11 డిగ్రీలు చాలు. అంతకంటే దిగితే పాక్ జలసంధి తగులుతుంది, ఆ తలనొప్పి ఈ ప్రశ్నకు అవసరం లేదు. పడమర 79.7, తూర్పు 85.

గడి సైజు డిగ్రీలో 24వ వంతు, అంటే సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. అడ్డం 127, నిలువు 168, లోతులో 30 పొరలు: మొత్తం 6.4 లక్షల గళ్లు. పెన్న సముద్రంలో కలిసేచోటు ఇందులో ఒక్క గడే. మొదటి రన్‌కు అది సరిపోతుంది. పని అంతా సజావుగా నడిచాక, నెల్లూరు నుంచి చెన్నై దాకా కిలోమీటరు గళ్లతో లోపల ఇంకో చిన్న పెట్టె పెట్టుకోవచ్చు. మొదటి రోజే కిలోమీటరు గ్రిడ్ కావాలనుకుంటే ల్యాప్‌టాప్ వేడెక్కడం తప్ప ఏమీ జరగదు.

నేల, నీరు వేరుచేసే మాస్క్‌ను కంప్యూటర్‌కే వదిలేయకండి. ఒక గంట కూర్చుని గడి గడీ చూడండి. పులికాట్‌ను నేలగా మార్చేయండి, ఈ గ్రిడ్‌కు అది అందదు. మూడు వైపులా నేల ఉండి ఒక్క గడితో లోపలికి పోయిన సందుల్ని కూడా మూసేయండి. నీళ్లు అక్కడ ఇరుక్కుని పిచ్చిపిచ్చి విలువలు చూపిస్తాయి.

సముద్రపు అడుగు నున్నగా చేయాలి, మరీ నున్నగా కాదు

సముద్రం లోతులకు గెబ్కో డేటా ఉచితంగా దొరుకుతుంది, 15 ఆర్క్‌సెకన్ల గ్రిడ్. దాన్ని మన గ్రిడ్ మీదికి సగటు చేసుకోవాలి. కనీస లోతు 8 లేదా 10 మీటర్లు అని పెట్టండి.

అసలు చిక్కు ఇక్కడుంది. రోమ్స్‌లో పొరలు అడుగు వాలును అనుసరించి వంగుతాయి. లోతు తక్కువున్నచోట 30 పొరలూ ఆ పది మీటర్లలోనే సర్దుకుంటాయి, నది నీళ్లకు ఇది చాలా మంచిది. కానీ మన తీరంలో తిన్నె (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువుండే మెట్టు) సన్నగా ఉండి, కొన్ని పదుల కిలోమీటర్లలోనే వందల మీటర్ల నుంచి వేల మీటర్లకు జారిపోతుంది. ఆ వాలు మీద పొరలు ఏటవాలుగా పడతాయి. పక్కపక్క గళ్ల పీడనాల తేడా లెక్కగట్టేటప్పుడు చిన్న తప్పులు మిగిలి, లేని ప్రవాహాలు పుడతాయి. అందుకే అడుగును నున్నగా చేస్తారు. పక్కపక్క రెండు గళ్ల లోతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే 0.2 దాటకూడదని ఒక వాడుక లెక్క ఉంది. దానికోసం గుడ్డిగా నున్నగా చేసుకుంటూ పోతే తిన్నె అంచే చెరిగిపోతుంది. తీరప్రవాహం పట్టుకుని నడిచేది ఆ అంచునే.

ఎంత నున్నగా చేస్తే చాలో తేల్చే పరీక్ష ఒకటుంది, దీన్ని ఎవరూ వదలకూడదు. గాలి లేదు, ఎండ లేదు, నది లేదు, హద్దులన్నీ మూసేశారు. లోతును బట్టి తప్ప ఎక్కడా మారని ఉష్ణోగ్రత, ఉప్పదనం ఇచ్చి మోడల్‌ను ఒక నెల నడపండి. న్యాయంగా అయితే నీళ్లు కదలకూడదు. కదిలినంతా మీ గ్రిడ్ తప్పే. సెకనుకు సెంటీమీటరో, అంతకు లోపో వస్తే ముందుకు పోండి. పది సెంటీమీటర్లు వస్తే ఆ వాలు ఎక్కడుందో చూసి, అక్కడ మాత్రమే ఇంకొంచెం నున్నగా చేయండి.

అడుగు వేసే సమయం

మోడల్ కాలాన్ని ముక్కలుగా కోసి ముందుకు పోతుంది. ముక్క ఎంత ఉండాలనేది మన ఇష్టం కాదు. సముద్రమంతా కలిసి ఊగే అల వేగం, గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. మన పెట్టెలో లోతు మూడున్నర వేల మీటర్ల దాకా పోతుంది, కాబట్టి వేగం సెకనుకు 185 మీటర్లు. నాలుగున్నర కిలోమీటర్ల గడిని అది 24 సెకన్లలో దాటేస్తుంది. రెండు దిశలు ఉన్నాయి కాబట్టి 1.414తో భాగిస్తే 17 సెకన్లు. చిన్న అడుగు అంతకు లోపే ఉండాలి. రోమ్స్ ఈ వేగమైన అలను చిన్న అడుగులతో, మిగతా నిదానమైన సముద్రాన్ని పెద్ద అడుగులతో విడివిడిగా లెక్కిస్తుంది. పెద్ద అడుగు 360 సెకన్లు, దానిలో 30 చిన్న అడుగులు పెడితే చిన్నది 12 సెకన్లవుతుంది. రోజుకు 240 పెద్ద అడుగులు. సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా 122 రోజులకు 29,280.

హద్దులు: ఉత్తరం, తూర్పు, దక్షిణం

మన పెట్టెకు పడమర నేల, మిగతా మూడు వైపులా తెరిచిన సముద్రం. ప్రాంతీయ మోడల్‌లో మంచీ చెడూ తేలేది ఈ మూడు గీతల దగ్గరే. పొలం గట్టు తెగినచోట పక్క చేనులోని నీళ్లే మన చేలోకి వస్తాయి కదా, ఇక్కడా అంతే. లోపల ఎంత మంచి లెక్క చేసినా, కొన్ని వారాలు పోయేసరికి లోపలున్న నీళ్లలో ఎక్కువ భాగం హద్దు దాటి వచ్చినవే అయిపోతాయి. కాబట్టి మీ దగ్గర సమయం పది గంటలుంటే అందులో ఐదు గంటలు ఇక్కడ పెట్టండి.

ఆ పక్క చేను మనకు గ్లోరిస్. ఐరోపావాళ్ల కోపర్నికస్ మెరీన్ సేవలో రిజిస్టర్ అయితే ఉచితంగా దొరికే ప్రపంచ సముద్రాల పునర్విశ్లేషణ (కొలతల్ని మోడల్‌తో కలిపి గతాన్ని మళ్లీ లెక్కగట్టిన డేటా) అది. డిగ్రీలో 12వ వంతు గళ్లు, 50 పొరలు, 1993 నుంచి రోజువారీ డేటా. మన పెట్టె కంటే ఒక డిగ్రీ ఎక్కువగా కత్తిరించి దించుకోండి, ప్రపంచం మొత్తం దించితే నెట్ ప్యాక్ అయిపోతుంది. మొదటి రోజు స్థితికీ, 122 రోజుల హద్దులకూ ఇదే వాడతాం.

దీన్ని మన గ్రిడ్ మీదికి దింపేటప్పుడు చూడాల్సినవి:

- గ్లోరిస్‌లో నేల ఉన్నచోట విలువలు ఖాళీగా ఉంటాయి. మన తీరం దానికంటే కొంచెం లోపలికి ఉంటే, ఆ ఖాళీ మన నీటి గడిలోకి వస్తుంది. కొన్ని టూల్స్ ఖాళీని సున్నాగా మార్చేస్తాయి. ఉప్పదనం సున్నా అంటే మంచినీళ్లు! పెన్న పెట్టకముందే తీరమంతా నదులు పారుతున్నట్టు కనిపిస్తుంది. మన ప్రశ్నే మంచినీళ్ల గురించి కాబట్టి ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఇంకోటి లేదు. ముందు పక్కనున్న నీటి విలువలతో ఖాళీలు నింపి, ఆ తర్వాతే దింపండి. దింపాక ఉప్పదనం కనిష్ఠ విలువ ఎంతో ఒకసారి ప్రింట్ చేసి చూడండి.
- ప్రవాహాన్ని లోతు మొత్తానికి సగటు చేసిన విలువ కూడా మోడల్ అడుగుతుంది. దాన్ని గ్లోరిస్ లోతులతో కాకుండా మీ గ్రిడ్ లోతులతో మళ్లీ లెక్కగట్టండి. లేకపోతే పెట్టెలోకి వచ్చే నీళ్లు, పోయే నీళ్లు సరిపోక సముద్ర మట్టం మెల్లగా పెరగడమో తగ్గడమో మొదలవుతుంది.
- హద్దు దగ్గర మీ అడుగు లోతులు గ్లోరిస్ లోతుల్లో మెల్లగా కలిసిపోయేలా సర్దండి. అక్కడ మెట్టు ఉంటే దాని పక్కనే సుడి పుట్టి కదలకుండా నిలబడుతుంది.

ఇక మోడల్‌లో హద్దు నియమాలు. సముద్ర మట్టానికి చాప్‌మన్, సగటు ప్రవాహానికి ఫ్లేథర్, లోతులో మారే ప్రవాహాలకు, ఉష్ణోగ్రతకు, ఉప్పదనానికి రేడియేషన్‌తోపాటు నడ్జింగ్. దీని భావం సులభమే: లోపలి నుంచి బయటికి పోయేది గోడకు తగిలి వెనక్కి రాకుండా వెళ్లిపోవాలి, బయటి నుంచి వచ్చేది గ్లోరిస్ చెప్పినట్టు రావాలి. లోపలికి వచ్చేటప్పుడు ఒకటి రెండు రోజుల్లో గ్లోరిస్‌కు సర్దుకునేంత గట్టిగా, బయటికి పోయేటప్పుడు నెల, అంతకంటే ఎక్కువ పట్టేంత వదులుగా నడ్జింగ్ పెట్టండి. హద్దుకు ఆనుకుని ఎనిమిది పది గళ్ల మేర జిగట పెంచితే అక్కడ పుట్టే గరగర తగ్గుతుంది.

గ్లోరిస్‌లో నదుల నీళ్లు ఆ ఏడాది అసలు లెక్కలు కావు, నెలవారీ సగటులు. గంగా బ్రహ్మపుత్రల నీళ్లు, మహానది నీళ్లు మన ఉత్తరపు హద్దు దాటి ఆ సగటు రూపంలోనే లోపలికి వస్తాయి. దీన్ని మనం మార్చలేం. కానీ ఫలితం రాసేటప్పుడు ఈ మాట దాచకూడదు.

గాలి, ఎండ, వాన

వీటికి వాతావరణ పునర్విశ్లేషణ ఈరా5 వాడండి, పావు డిగ్రీ గళ్లు, గంటగంటకీ డేటా. పది మీటర్ల ఎత్తు గాలి, రెండు మీటర్ల ఎత్తు ఉష్ణోగ్రత, తేమకోసం మంచుబిందు ఉష్ణోగ్రత, పీడనం, ఎండ, కిందికి వచ్చే పరారుణ వికిరణం, వాన. వీటి నుంచి వేడి, గాలి ఒరిపిడి ఎంతో రోమ్స్ తనే లెక్కగట్టుకునేలా బల్క్ ఫ్లక్స్ ఆప్షన్ ఆన్ చేయండి.

యూనిట్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఈరా5 ఎండను గంటలో పడిన మొత్తం జౌల్స్‌లో ఇస్తుంది, మోడల్ అడిగేది వాట్లు. 3,600తో భాగించాలి. వాన గంటకు మీటర్లలో వస్తుంది, 1,000తో గుణించి 3,600తో భాగిస్తే సెకనుకు చదరపు మీటరు మీద పడే కిలోలు వస్తాయి. టైమ్ యు.టి.సి.లో ఉంటుంది, మన గడియారం ఐదున్నర గంటలు ముందు. మధ్యాహ్నపు ఎండ మోడల్‌లో వేళ తప్పి కాస్తే ఇదే కారణం.

ఆటుపోట్లు మొదటి రన్‌లో వదిలేయండి. నెల్లూరు, చెన్నై తీరంలో పౌర్ణమి, అమావాస్యలకు కూడా తేడా మీటరు ఆ చుట్టుపక్కలే. రెండో రన్‌లో టీపీఎక్స్‌ఓ అనే ఆటుపోట్ల డేటా నుంచి తీసుకుని కలపండి, నది నీళ్లు ఎంత త్వరగా కలుస్తాయనే దాంట్లో వాటి పాత్ర ఎంతో అప్పుడు విడిగా తెలుస్తుంది.

పెన్నను పెట్టడం

మన దగ్గర నీళ్ల లెక్క క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో ఉంటుంది, మోడల్‌కు సెకనుకు ఘనపు మీటర్లు కావాలి. లక్ష క్యూసెక్కులంటే 2,832 ఘనపు మీటర్లు. రోజుకు ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకు 328 ఘనపు మీటర్లు. ఈ రెండూ గోడ మీద రాసి పెట్టుకోండి.

సోమశిల నుంచి వదిలిన నీళ్ల లెక్కలు జలవనరుల శాఖ దగ్గర ఉంటాయి. ఇండియా వ్రిస్ పోర్టల్‌లో కూడా వెతకండి. గంటల లెక్క దొరికితే మంచిది, లేకపోతే రోజువారీ అయినా పర్వాలేదు. సోమశిలలో వదిలిన నీళ్లన్నీ సముద్రానికి చేరవు, చేరినవీ వెంటనే చేరవు. సంగం, నెల్లూరు దాటడానికి పట్టే సమయం, వరదనీళ్లు పొలాల్లో నిలబడటం రెండూ ఉన్నాయి. దీనికి ఒకే ఒక్క అంకె పట్టుకుని కూర్చోకుండా, వదిలినదంతా చేరిందనుకుని ఒక రన్, అందులో ముప్పావు వంతు చేరిందనుకుని ఇంకో రన్ చేస్తే జవాబు ఎంత కదులుతుందో తెలిసిపోతుంది. కృష్ణ, గోదావరులకు ప్రకాశం బ్యారేజి, ధవళేశ్వరం లెక్కలు తీసుకోండి.

మోడల్‌లో నదిని తీరపు గడి పక్కన ఒక ఊటగా పెడతాం. దానికి ప్రవాహం, ఉప్పదనం సున్నా, నీళ్ల ఉష్ణోగ్రత ఇవ్వాలి. నీళ్లన్నీ పై పొరల్లోంచే వచ్చేలా పంచండి. ఉప్పదనాన్ని ముందుకు తోసే లెక్క పద్ధతి (స్కీమ్) ఏది ఎంచుకుంటారో చూడండి. మామూలు మూడో ఆర్డర్ స్కీమ్‌లు నది దగ్గర ఉప్పదనాన్ని సున్నాకంటే కిందికి తీసుకుపోగలవు, మైనస్ ఉప్పు అనేది లోకంలో లేదు. హెచ్‌సిమ్‌ట్ గానీ ఎంపీడేటా గానీ వాడితే ఆ బాధ ఉండదు, కొంచెం నిదానంగా నడుస్తుంది అంతే.

ఇప్పుడు ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. పెన్న నీళ్లలో ఒక రంగు కలపండి. నిజం రంగు కాదు, మోడల్‌లో నీళ్లతోపాటు కొట్టుకుపోవడం తప్ప ఏ పనీ చేయని ఒక అంకె. పెన్న నీళ్లకు 1, మిగతా సముద్రమంతా 0. కృష్ణకు వేరే రంగు, గోదావరికి వేరే. చెన్నై దగ్గర ఉప్పదనం తగ్గితే అది ఎవరి నీళ్ల వల్ల తగ్గిందో ఉప్పదనం చెప్పలేదు, రంగు చెబుతుంది. నవంబర్‌లో ఆ తీరంలో ఉన్న మంచినీళ్లలో చాలావరకు ఉత్తరం నుంచి ముందే దిగివచ్చినవే. రంగు లేకుండా చూస్తే ఆ ఘనతంతా పెన్నకే కట్టేస్తాం.

నడపడం, ఆగితే చూడటం

సెప్టెంబర్ 1న మొదలుపెట్టమన్నది ఊరికే కాదు. గ్లోరిస్ సముద్రాన్ని తెచ్చి మన గ్రిడ్‌లో పెట్టగానే అది కొన్ని వారాలు కుదురుకోదు. నవంబర్ నాటికి సర్దుకుంటుంది. మొదటి నెల ఫలితాలు ఎక్కడా చూపించకండి.

ముందు రెండు రోజుల రన్ చేసి చూడండి. స్క్రీన్ మీద ప్రతి అడుగుకూ గతిశక్తి, మొత్తం నీటి పరిమాణం వస్తాయి. గతిశక్తి కాస్త పెరిగి నిలబడాలి. అది అడుగడుక్కీ రెట్టింపవుతుంటే కాసేపట్లో బ్లోఅప్ అని ఆగిపోతుంది. ఆగినప్పుడు టెన్షన్ పడి అడుగు సమయం సగం చేయడం అందరూ చేసే పని. చాలాసార్లు దానివల్ల బ్లోఅప్ వాయిదా పడుతుంది తప్ప పోదు. అలా కాకుండా చివరి అవుట్‌పుట్ తెరిచి గరిష్ఠ వేగం ఏ గడిలో ఉందో చూడండి. హద్దు మీద ఉంటే హద్దు ఫైల్ తప్పు, ఏటవాలు మీద ఉంటే సముద్రపు అడుగు నున్నగా చేయడంలో తప్పు, నది పక్కన ఉంటే లోతు తక్కువో ప్రవాహం యూనిట్ తప్పో. క్యూసెక్కుల్ని మార్చకుండా అలాగే ఇస్తే నది 35 రెట్లు పెద్దదవుతుంది మరి.

మన ఊళ్లలో కరెంటు గురించి చెప్పనక్కర్లేదు. రీస్టార్ట్ ఫైల్‌ను మోడల్ లెక్కలో రోజుకొకసారి రాయించండి, చివరి రెండింటినీ మార్చి మార్చి రాసే ఆప్షన్ ఉంది. రాస్తుండగా కరెంటు పోతే ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. రోజువారీ సగటులు మాత్రమే దాచుకుంటే ఉష్ణోగ్రత, ఉప్పదనం, రెండు ప్రవాహాలు, ఒక రంగు కలిపి రోజుకు 13 మెగాబైట్లు, 122 రోజులకు 1.6 జీబీ. ఇంకో రెండు రంగులకు మరో 600 మెగాబైట్లు వేసుకోండి.

దీన్ని నమ్మొచ్చా

మొదట ఉపరితల ఉష్ణోగ్రతను ఉపగ్రహ డేటాతో పోల్చండి. ఇక్కడ బాగా కుదిరిందని మురిసిపోకండి. ఈరా5 గాలి ఉష్ణోగ్రత ఇచ్చాం కదా, పైనీళ్లు దాని వెంట పోక తప్పదు. లోపల ఎలా ఉందో చెప్పేది ఆర్గో ఫ్లోట్లు. ఇవి 1,000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి 2,000 మీటర్ల నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తాయి. ఇన్‌కాయిస్ సైట్‌లో హిందూ మహాసముద్రం ఆర్గో డేటా దొరుకుతుంది. మీ పెట్టెలో ఆ నాలుగు నెలల్లో తేలిన ప్రతి ఫ్లోట్‌నూ అదే రోజు, అదే చోట మోడల్‌తో పక్కపక్కన గీయండి. చూడాల్సింది పైన ఉన్న తక్కువ ఉప్పు పొర మందం. బంగాళాఖాతంలో ఆ పల్చటి పొరే పైనీళ్లను కిందినీళ్లతో కలవనివ్వదు. మీ మోడల్‌లో అది మరీ మందంగా ఉంటే నిలువు కలయిక స్కీమ్ మార్చి చూడాలి.

అయితే ఆర్గోలు లోతున్నచోటే తిరుగుతాయి, తీరపు తిన్నె మీదికి రావు. స్మాప్ ఉపగ్రహం ఉప్పదనం కొలుస్తుంది, కానీ దాని చూపు 40 కిలోమీటర్ల మోతాదులో ఉంటుంది, నేల పక్కన ఇంకా మసకబారుతుంది. పెన్న నీళ్ల పట్టీని అది విడదీయలేదు. మిగిలింది బురద. వరదనీళ్లు తెచ్చిన ఎర్రమట్టి సముద్రం రంగు చూసే ఉపగ్రహాల ఫొటోల్లో కనిపిస్తుంది. నవంబర్‌లో మబ్బులుంటాయి కాబట్టి వారం పది రోజుల ఫొటోలు తిరగేస్తే ఒకటో రెండో దొరకొచ్చు. బురద ముందే అడుగుకు దిగిపోతుంది, నీళ్లు ఇంకా ముందుకు పోతాయి, అందుకని ఆ అంచు మీ రంగు అంచుతో సరిగ్గా కుదరాలని పట్టుబట్టకండి. దిశ, మొదటి మూడు నాలుగు రోజుల వెడల్పు కుదిరితే మంచి సాక్ష్యమే.

జవాబు తీయడం

ఒకే రన్ చూసి జవాబు చెప్పకండి. అన్నీ అలాగే ఉంచి నవంబర్ 15 తర్వాత పెన్న వరదను తీసేసి ఇంకో రన్ చేయండి. రెండింటి ఉప్పదనాల తేడానే ఆ వరద చేసిన పని. మొదటి రెండు వారాలు ఈ తేడా శుభ్రంగా తీరం వెంట పట్టీలా కనిపిస్తుంది. ఆ తర్వాత తీరానికి దూరంగా, పెన్న రంగు జాడే లేనిచోట కూడా తేడాలు మొలుస్తాయి. అవి వరద ప్రభావం కాదు. చిన్న తేడా వల్ల రెండు రన్లలో సుడులు వేరువేరు దారులు పట్టడం అది. దీన్ని వేరుచేయడానికి మొదలుపెట్టే రోజును ఒకటి రెండు రోజులు అటూఇటూ జరిపి, ఐదారు జతల రన్లు చేసి సగటు తీయండి. అన్ని జతల్లోనూ నిలబడిన తేడానే నివేదికలో రాయండి. ఏ తేదీకి రంగు ఏ అక్షాంశం దాటింది, ఎంత లోతు దాకా ఉంది, చెన్నై దగ్గరి మంచినీళ్లలో పెన్న వాటా ఎంత, సోమశిల లెక్క ముప్పావుకు తగ్గిస్తే ఆ వాటా ఎంత మారింది: ఈ నాలుగూ ఉంటే ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు చాలు.

కర్నూలు పిల్లలు ఇదే పెట్టె, ఇదే గ్రిడ్ తీసుకుని 2009 అక్టోబర్‌కు తేదీలు మార్చుకోవచ్చు. తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడిన ఆ వరద కిందికి పోయి ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, సెకనుకు 31 వేల ఘనపు మీటర్ల పైమాటే. అప్పటికి స్మాప్ లేదు, పోల్చడానికి ఆర్గోలు, సముద్రం రంగు చూసే మోడిస్ ఉపగ్రహ ఫొటోలే దిక్కు. గ్లోరిస్, ఈరా5 రెండూ ఆ ఏడాదికి ఉన్నాయి. ఒక్కటి మాత్రం మార్చాలి: కృష్ణ నీళ్లను ఒకే గడిలోంచి వదిలితే అంత ప్రవాహానికి మోడల్ తట్టుకోదు, డెల్టాలో నది పాయలు కలిసే మూడు నాలుగు గళ్లకు పంచి పెట్టండి.